‘చెబితే చెడిపోతారు’ అనే మాటకు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాట ఇది: ‘పల్లెటూరి హైస్కూలు పిల్లలు అమాయకులు. లైంగిక విద్య అంటూ లేనిపోనివి చెబితే చెడిపోతారు. కావాల్సింది పదో తరగతి బయాలజీలో ఉంది. మరీ అంతగా చెప్పాలంటే ఆడపిల్లలకు చెప్పండి చాలు.’ ఇందులో ఒక్క ముక్కా నిలవదు.

మొదట అమాయకత్వం సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని తేలింది. తెలంగాణలో 23.5 శాతం. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులో గర్భవతులో అయినవాళ్లు ఏపీలో 12.6 శాతం. కాపురానికి పంపేటప్పుడు గుర్తుకు రాని చిన్నతనం పాఠం దగ్గరే గుర్తుకొస్తే నష్టపోయేది ఆ పిల్లే.

చెబితే చెడిపోతారా? అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కాదనే చెబుతున్నాయి. ఇది అపోహేనని 2024 సెప్టెంబరు తీర్పులో మన సుప్రీంకోర్టూ చెప్పింది.

ఇక బయాలజీ పాఠం. చాలామంది అమ్మాయిలు పన్నెండు, పదమూడేళ్లకే పెద్దమనిషి అవుతారు. ప్రత్యుత్పత్తి పాఠం వివరంగా వచ్చేది పదిలో. అదీ బొమ్మ గీసి భాగాలు గుర్తించడం దగ్గరే ఆగుతుంది. పిల్లల్లో తిరిగే మాటలు వేరు. ‘మొదటిసారికి కడుపు రాదు’ అంటారు. వస్తుంది. ‘రోజులు లెక్కపెట్టి కలిస్తే చాలు, కడుపు రాదు’ అంటారు. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు. వీర్యకణాలు లోపల 5 రోజుల దాకా బతుకుతాయి. ఈ వయసులో నెలసరి ఒకసారి 25 రోజులకు, ఇంకోసారి 45 రోజులకు రావచ్చు, లెక్క అక్కడే తప్పుతుంది. కడుపు రాకుండా మందుల షాపులో దొరికే అత్యవసర మాత్ర (లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు) కలయిక తర్వాత 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. వేసుకున్న రెండు గంటల్లో వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. నిలిచిన గర్భాన్ని అది తీయదు, కలయికతో అంటుకునే జబ్బులను ఆపదు.

వచ్చిన కడుపును భయంతో నెలలు దాచడమే అన్నిటికన్నా ప్రమాదం. మైనర్‌కు 24 వారాల వరకు గర్భస్రావానికి చట్టం ఒప్పుకుంటుంది, సంరక్షకుల సంతకం కావాలి. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద డాక్టరు పోలీసులకు సమాచారం ఇవ్వాల్సిందే. అయితే అమ్మాయి, సంరక్షకులు కోరితే పేరు, వివరాలు బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆడపిల్లలకే చాలు అనడం మగపిల్లలకు అన్యాయం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007 అధ్యయనంలో లైంగిక వేధింపులకు గురయ్యామన్న పిల్లల్లో సగానికి పైగా అబ్బాయిలే. నిద్రలో స్ఖలనమైతే ‘ధాతువు పోతోంది’ అని భయపడి దొంగ వైద్యుల దగ్గర డబ్బు పోసేదీ వాళ్లే. అది జబ్బు కాదు, రక్తం తగ్గదు, మందు అక్కర్లేదు.

చెప్పే పద్ధతీ కష్టం కాదు. అమ్మాయిలకు ఒక టీచరమ్మ, అబ్బాయిలకు ఒక మాస్టారు, ముందు విడివిడిగా. పిల్లల ప్రశ్నల కోసం మూతకు చీలిక పెట్టిన అట్టపెట్టె ఒకటి. అందరికీ ఒకే సైజు చీటీలు ఇచ్చి, ప్రశ్న లేనివాళ్లను కూడా ఏదో ఒక వాక్యం రాసి మడిచి వేయమనాలి. అందరి పెన్నూ కదిలితేనే నిజంగా అడిగిందెవరో పక్కవాడికి తెలియదు. చీటీలు ఇంటికి తీసుకెళ్లి చదివి, మర్నాడు జవాబులు చెప్పాలి. ఎవరైనా తాకుతున్నారని ఏ చీటీలోనైనా ఉంటే క్లాసులో చదవకూడదు. ఆ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.