కాదన్న తర్వాతి వారం

బెంగళూరులోని మారతహళ్లి వెనుక వీధుల్లో మూడో అంతస్తుకు బీరువా ఎక్కించడం ఎంత పనో అద్దె ఇళ్లు మారిన ప్రతి తెలుగువారికీ తెలుసు. మెట్ల మలుపు దగ్గర దాన్ని నిలువునా తిప్పాలి, కింద పట్టుకున్నవాడి మీదే బరువంతా పడుతుంది, గోడకు గీత పడితే ఓనరు అడ్వాన్సులో కోసుకుంటాడు. మదనపల్లె నుంచి ఒక పెద్దావిడా ఆమె కొడుకూ మా పక్క వాటాలోకి దిగిన రోజున ఆ కింది కొసను పట్టుకున్నది తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లని పేరుబిళ్ల ఉన్న ఇద్దరు కుర్రాళ్లు. ఒకరిది రాజమండ్రి యాస. రెండో అతను ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చి, తెలుగు మాటలు కూడబలుక్కుంటున్నాడు. కొడుకు టెంపో దగ్గరికి దిగితే చాలు, వాళ్లిద్దరూ గడప దాటి బయటికి వచ్చి నిలబడేవారు. ఒంటరిగా ఉన్న స్త్రీతో లోపల ఉండకూడదన్నది వాళ్ల నియమం. పని ముగిశాక ఆవిడ "ఎంత ఇయ్యమంటారు నాయనా?" అని అడిగింది. ఏమీ వద్దన్నారు. "ఊరికే ఎవరు మోస్తారప్పా ఈ కాలంలో?" అన్నది, నవ్వుతూనే, చూపు మాత్రం ఆ పేరుబిళ్లల మీద నుంచి తీయకుండా.

ఆవిడ అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు. విశ్వాసాన్ని పంచుకోవడానికి సేవ ఒక మార్గమని నమ్మే ఏ మత సంఘమైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిందే. జవాబు సేవ చేసిన రోజున దొరకదని, అవతలివారు "మీ మతం మాకొద్దు" అని స్పష్టంగా చెప్పేశాక వచ్చే వారంలో దొరుకుతుందని నా అభిప్రాయం.

ఆ బిళ్ల మీది పేరు పొడవైనది: యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. లోకం మోర్మన్లని పిలుస్తుంది కానీ, 2018 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ ఆ పిలుపు మాని పూర్తి పేరే వాడాలని కోరారు. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ నెలకొల్పిన ఈ సంఘానికి ఇప్పుడు యూటాలోని సాల్ట్ లేక్ సిటీ కేంద్రం. బెంగళూరులో 1993లో మిషన్, అంటే మిషనరీల పనిని నడిపే ప్రాంతీయ విభాగం, ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు గురుచరణ్ సింగ్ గిల్, సిక్కు కుటుంబంలో పుట్టినవాడు. భారతదేశంలో తమ మొదటి దేవాలయాన్ని ఈ నగరంలోనే కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించి, 2020 డిసెంబరులో పనులకు భూమిపూజ వంటి కార్యక్రమం జరిపారు. యువకులు రెండేళ్లు, యువతులు ఏడాదిన్నర పాటు మిషనరీలుగా పనిచేస్తారు. జీతం ఉండదు; ఖర్చు తామూ ఇంటివారూ పెట్టుకోవాలి, చాలనిచోట సంఘ నిధి తోడవుతుంది. ఏ ఊరికి వెళ్లాలో, ఎవరితో జతగా ఉండాలో తాము ఎంచుకోలేరు.

వీరి సేవా భావానికి మూలమని చెప్పే వాక్యం, బైబిలుతో పాటు వీరు పవిత్రంగా చూసే మోర్మన్ గ్రంథములోని మోషైయ పుస్తకంలో, బెంజమిన్ రాజు ప్రసంగంలో ఉంది. తోటి మనుషుల సేవలో ఉన్నప్పుడు మీరు మీ దేవుని సేవలోనే ఉన్నారన్నది దాని సారం. తెలుగు చెవికి ఇది వెంటనే "మానవ సేవే మాధవ సేవ" అని వినిపిస్తుంది, వినిపించి అక్కడితో ఆగిపోతుంది. ఇంతగా అరిగిపోయిన మాటతో పోల్చుకుంటే ఆ ప్రసంగంలోని అసలు పదును కనబడదు. బెంజమిన్ అక్కడ లెక్క అప్పజెబుతున్నాడు: మీ మీద పన్నుల భారం పడకూడదని నా చేతులతో నేనే కష్టపడ్డాను, అయినా దాన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు అంటాడు. ఆ వెంటనే, మీరు మీ సర్వస్వంతో దేవుణ్ని సేవించినా నిష్ప్రయోజకులైన సేవకులే అంటాడు. మరికొంత దూరం పోయాక, మనమంతా బిచ్చగాళ్లమే కదా అని అడుగుతాడు. అంటే ఈ సిద్ధాంతం ప్రకారం సేవ చేసినవాడి ఖాతాలో జమ అంటూ ఏమీ పడదు. జమ పడనివాడు ఎదుటివారి దగ్గర వసూలు చేసుకోవడానికీ వీల్లేదు. బీరువా మోసినందుకు రూపాయలు అడగకపోవడం సులువే. బీరువా మోసినందుకు ఆదివారం నాడు చర్చికి రమ్మని అడగకపోవడంలోనే కష్టమంతా ఉంది.

అదే గ్రంథంలో ఇంకో కథ ఉంది. మిషనరీలు సేవ గురించి మాట్లాడితే తప్పకుండా దాని దగ్గరికే వస్తారు. అమ్మోన్ అనే రాజకుమారుడు శత్రువులైన లేమనీయుల దేశానికి సువార్త చెప్పడానికి పోతాడు. పట్టుకుని రాజైన లమోనై ముందు నిలబెడతారు. రాజుకు అతను నచ్చి, తన కూతుళ్లలో ఒకరిని పెళ్లాడమంటాడు. అమ్మోన్ వద్దని, నీకు సేవకుడిగా ఉంటానంటాడు, పశువుల్ని కాయడానికి వెళతాడు. నీళ్ల రేవు దగ్గర దొంగలు మందను చెదరగొడితే ఒక్కడే ఎదుర్కొంటాడు. తోటి పనివాళ్లు పరుగున వచ్చి ఈ సంగతి రాజుకు చెప్పి, ఈ మనిషి దేవుడేమో అని హడలిపోతుంటే, అతనేడీ అని రాజు అడుగుతాడు. నీ గుర్రాలకు మేత పెడుతున్నాడు అని జవాబు వస్తుంది.

గుర్రాలకు మేత పెట్టే ఆ ఘట్టం అందమైనది. అయితే దానికి కొంచెం ముందు ఇంకో మాట ఉంది, దాన్ని దాటవేయకూడదు. మంద చెదిరి తోటివాళ్లు ఏడుస్తున్నప్పుడు అమ్మోన్ లోలోపల సంతోషిస్తాడు: ఈ మందను తిరిగి తెస్తే వీళ్ల మనసులు గెలుచుకుంటాను, అప్పుడు నా మాటలు నమ్మేలా నడిపించగలను అనుకుంటాడు. అంటే సేవ వెనుక ఉద్దేశం ఉంది, గ్రంథం దాన్ని దాచలేదు. ఈ నిజాయితీ నాకు నచ్చింది. "మాకు ఏ ఉద్దేశమూ లేదు, ఊరికే చేస్తాం" అనే మిషనరీని నమ్మడం కష్టం. మా పక్కింటావిడ కూడా నమ్మలేదు. తాను నమ్మినదాన్ని అందరికీ చెప్పాలనుకునేవాడికి ఉద్దేశం లేకుండా ఎలా ఉంటుంది? కాబట్టి ఉద్దేశం ఉందా లేదా అని తవ్వడం దండగ. ఆ ఉద్దేశం నెరవేరకపోతే గుర్రాలకు మేత ఆగుతుందా లేదా అన్నదే చూడాలి. కథలో లమోనై తానే ప్రశ్నలు అడిగి, తానే విన్నాడు గనుక ఆ పరీక్ష అమ్మోన్‌కు ఎదురుకాలేదు. బెంగళూరు వీధుల్లో రోజూ ఎదురవుతుంది.

తెలుగు నేలకు ఈ పరీక్ష కొత్తది కాదు. 1876లో మొదలైన ధాత కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేల మందికి కూలి దొరికేలా చేశాడు. ఇప్పుడు చెన్నై నడిబొడ్డున మురుగు మోస్తున్న కాలువ అదే. పనిచేసినవారిలో ఎక్కువమంది మాదిగలు. సాయంత్రాలు బోధ జరిగేది, బాప్తిస్మం కావాలని ఎందరో అడిగారు. కరువు సహాయం నడుస్తున్నన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆగాడు. పనులు ఆగి, ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని అందరికీ తెలిశాక మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఇంత జాగ్రత్తపడ్డా విమర్శ తప్పలేదు. అయినా, సహాయానికీ మత స్వీకారానికీ మధ్య కాలాన్ని అడ్డుగోడగా నిలబెట్టాలన్న ఆలోచన నేటికీ పాతబడలేదు.

మోర్మన్ ఏర్పాటులో ఆ గోడ మరో రూపంలో ఉంది. తమ సహాయ కార్యక్రమాల మొత్తం వ్యయం 2024లో 145 కోట్ల డాలర్లని సంఘం ప్రకటించింది. మతంతో నిమిత్తం లేకుండా సహాయం ఇస్తామని చెబుతుంది. ఆ డబ్బు వీధిలో తిరిగే కుర్రాడి చేతికి రాదు. అతని దగ్గర ఇవ్వడానికి ఉద్యోగం లేదు, బడిలో సీటు లేదు, సంచిలో బియ్యం లేవు. ఉన్నవల్లా రెండు చేతులు, తీరిక లేని సమయంలోంచి మిగుల్చుకున్న కొన్ని గంటలు. కర్ణాటకలో ఇది చిన్న విషయం కాదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. 2022లో కర్ణాటక తెచ్చిన మత స్వేచ్ఛ హక్కు పరిరక్షణ చట్టం ప్రలోభమనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో బహుమతి, డబ్బు, ఉద్యోగం, ఉచిత విద్యతో పాటు మెరుగైన జీవన విధానం కూడా ఉంది. ఆ చట్టాన్ని రద్దు చేయాలని 2023 జూన్‌లో కొత్త మంత్రివర్గం నిర్ణయించింది. చట్టాల మాట ఎలా ఉన్నా, వాటి వెనుక ఉన్న అనుమానం "ఊరికే ఎవరు మోస్తారప్పా" అన్న గొంతులో నాకు వినిపించింది. బీరువా మోయడం ప్రలోభమని ఏ కోర్టూ అనదు. కానీ ఒంటరితనంలో ఉన్నవారికి తోడు దొరకడం బియ్యం బస్తా కంటే బలమైనది కావచ్చు.

అసలు చిక్కంతా అక్కడే. తెలుగువారిలోకి ఈ విశ్వాసం మొదట వచ్చింది చుట్టరికం దారిలో. హైదరాబాదుకు చెందిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు పశ్చిమ సమోవాలో ఉండగా సంఘంలో చేరి, 1978 చివర స్వల్పకాలపు మిషనరీలుగా సొంత ఊరికి వచ్చినప్పుడు బాప్తిస్మం పొందిన 22 మందిలో చాలామంది వాళ్ల బంధువులే. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తేవడానికి పూనుకున్నది ఎల్సీ తండ్రి. 2012లో దేశంలో మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాల సముదాయం, ఏర్పడింది కూడా హైదరాబాదులోనే. అక్కడ కుటుంబం ఉంది, మాట మోసుకుపోవడానికి బంధువులున్నారు, మాట నచ్చకపోతే మొహమాటం లేకుండా తిట్టేవాళ్లూ వాళ్లే. బెంగళూరుకు వలస వచ్చిన తెలుగువారికి ఆ బలగం లేదు. జ్వరమొస్తే కాచుకునేవారు, ఇల్లు మారితే చేయివేసేవారు కరువు. ఆ ఖాళీలోకి మిషనరీ వస్తాడు. ఖాళీ ఎంత పెద్దదైతే అతని సేవ అంత విలువైనది. అంత ప్రమాదకరమైనది కూడా, ఎందుకంటే వద్దని చెబితే ఈ తోడు కూడా పోతుందేమో అన్న భయం అవతలివారి నోరు కట్టేస్తుంది.

ఆ భయం పోవాలంటే నాకు తెలిసి రెండే దారులు. ఒకటి, సేవ చేసేవాడు తానూ పుచ్చుకోవడం. ఆ రోజు ఆవిడ టీ పెట్టింది. 1833 నాటి ఆరోగ్య నియమం ప్రకారం టీ, కాఫీ, మద్యం, పొగాకు వాళ్లకు నిషిద్ధం. మన ఇళ్లలో టీ వద్దంటే ఇల్లు వద్దన్నట్టే. గ్లాసులు పట్టుకుని ఆవిడ మొహం మారుతుండగా, రాజమండ్రి అబ్బాయి "మజ్జిగ ఉంటే ఇప్పించండి అమ్మగారూ, ఎండకు నాలుక పీక్కుపోతోంది" అన్నాడు. ఉప్పు, అల్లం వేసి కలిపిచ్చింది. రెండోసారి కూడా పోసింది. బీరువా మోసినప్పటికంటే ఆ మజ్జిగ అడిగినప్పుడే అతను ఆ ఇంటికి దగ్గరయ్యాడని నాకనిపించింది. బెంజమిన్ అన్న బిచ్చగాళ్ల మాటకు అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను వినలేదు.

రెండో దారి, కాదన్నాక కూడా రావడం. ఇక్కడ ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. మిషనరీలను తరచుగా, ఇంచుమించు ఆరు వారాలకోసారి వచ్చే బదిలీల్లో, ఒకచోట నుంచి మరోచోటికి మారుస్తుంటారు. ఎంతమందికి బోధించారు, ఎంతమంది ఆదివారం కూటానికి వచ్చారు, ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు అనే లెక్కలు వారం వారం పైకి వెళుతుంటాయి. ససేమిరా అన్న ఇంటికి మళ్లీ వెళ్లి గచ్చు కడిగిన గంట ఆ లెక్కల్లో ఎక్కడ పడుతుంది? పరీక్షకు నిలబడాలన్న మనసు ఉన్నా, ఆ కుర్రాడి చేతిలో కాలం లేదు. నిలబడవలసింది అదే పేటలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న స్థానిక సభ్యులు. 2018లో సంఘం తన పాత గృహ సందర్శన పద్ధతిని మార్చి, పరామర్శ అనే అర్థం వచ్చే కొత్త పద్ధతిని తెచ్చింది, నెలకోసారి వెళ్లి పాఠం అప్పజెప్పి రావడం కంటే అవసరం చూసి ఆదుకోమంది. అది సంఘంలోని వారిని ఉద్దేశించినది. అదే శ్రద్ధను, చేరనని చెప్పిన పక్కింటివారి మీద కూడా ఏళ్ల తరబడి చూపగలిగితే, సేవ ఎర అన్న మాటకు చోటుండదు. చూపలేకపోతే, కుర్రాళ్లు ఎన్ని బీరువాలు మోసినా ఆ మాట పోదు.

మా పక్కింటావిడ రెండో వారంలోనే తేల్చి చెప్పేసింది. తిరుపతి వెంకన్నను వదిలి తాను ఎక్కడికీ రానని, తన కొడుకును కూడా పిలవొద్దని. సరేనమ్మగారూ అన్నారు. తర్వాత కొన్నాళ్లకు రాజమండ్రి అబ్బాయికి బదిలీ అయింది. ఒక శనివారం సాయంత్రం ఈశాన్యం కుర్రాడు కొత్త జతగాడితో కలిసి మెట్లెక్కి వచ్చాడు, వెంట ఆ పేటలోనే ఉండే ఒక నడివయసు సభ్యుడు, బెల్దారి పని చేసేవాడు. ఆవిడ ముందు పాతబ్బాయి ఏడని అడిగింది, తర్వాత కొడుకును కేకేసి పిలిచింది, ముగ్గురినీ లోపలికి రమ్మంది. "చర్చి సంగతి ఎత్తరు కదా? ఎత్తకపోతే ఆ స్టూలు లాక్కోండి. ఫ్యాను రెక్కలు తుడవక ఉగాది నాటి దుమ్ము అట్లే ఉండాది. కింద పేపరు పరుచుకోండప్పా, మంచం మీద పడుతుంది. మజ్జిగ కలుపుతా."