దీపం కొండెక్కితే సరిపోతుందా?

పూజగదిలో దీపం కొండెక్కుతుంది. కోడలి చేతిలో హారతి పళ్లెం జారిపడుతుంది. అక్కడున్న ఆరుగురి ముఖాల మీద కెమెరా మూడేసి సెకన్లు నిలిచి, రెండు చుట్లు తిరిగితే 36 సెకన్లు ఒక్క మాట లేకుండా గడిచిపోతాయి. డైలీ సీరియళ్లలో భక్తికి దక్కుతున్న పని ఇదే. అపశకునమే తీర్పు చెప్పేస్తుంటే పాత్రలకు ఆలోచించే అవసరం ఏముంటుంది?

తెలుగు తెరకు ఇంతకన్నా చేతకాదా అంటే, కాదు. 1938లోనే ‘మాలపిల్ల’ అంటరానితనాన్ని సనాతన కుటుంబం నట్టింట్లోకి తెచ్చి నిలదీసింది. 1981లో వచ్చిన కె.విశ్వనాథ్ ‘సప్తపది’లో యాజులు తన మనవడికీ మనవరాలికీ పెళ్లి చేస్తాడు. అర్చకుడైన ఆ కుర్రాడికి భార్యలో అమ్మవారు కనిపిస్తుంది. అమ్మవారిని నమ్మిన యాజులు ఆ దర్శనాన్ని భ్రమ అని కొట్టిపారేయలేడు. ధర్మం ఎరిగినవాడు కనుక మనవరాలి బతుకు మోడవుతుంటే చూస్తూ ఊరుకోలేడు. ఆమె మనసిచ్చింది వేణువు వాయించే దళిత యువకుడికి. ఆ ఇంట్లో విలన్ లేడు. పెద్దాయనను కదిలించేది ఆయన విశ్వాసమే. చివరికి మనవరాలిని తానే ఆ యువకుడితో సాగనంపుతాడు. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు.

డైలీ సీరియల్ భరించలేనిది ఈ వెనక్కి తీసుకోలేనితనాన్నే. ముగింపు తేదీ లేని కథలో పాత్ర నిజంగా ఒక నిర్ణయం తీసుకుంటే ట్రాక్ అక్కడితో అయిపోతుంది. గురువారం వచ్చే రేటింగు పడిపోతే కథను మళ్లీ మొదటికి తేవాలి. అందుకే నిర్ణయాల చోటును గతం మరిచిపోవడాలు, మార్చేసిన డీఎన్‌ఏ రిపోర్టులు ఆక్రమించాయి. వీటిని ఎప్పుడైనా తిప్పేయవచ్చు. షూటింగ్ రోజు పొద్దున సెట్‌కు వచ్చే సీన్ పేపరులో అత్తగారి కోపం ఉంటుంది, దానికి కారణం ఉండదు. రచయితలను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు, వాళ్లకిచ్చే గడువే అంత.

కథలు కరవా? తండ్రికి కొరివి పెట్టాల్సింది కూతురా, దాయాది కొడుకా? చర్చికి మారిన కొడుకు తద్దినం పెట్టాలా, వద్దా? మన ఊళ్లలో బంధువులు విడిపోయేంతగా నలుగుతున్న ప్రశ్నలివి. (చర్చికో మసీదుకో వెళ్లే కుటుంబం ప్రైమ్‌టైమ్ కథకు కేంద్రం కావడమే అరుదు.) రెండు పక్షాలకూ చెరో ఎపిసోడ్ ఇచ్చి, ఎవరి మాటనూ వెకిలి చేయకుండా వినిపిస్తే చాలు.

ఛానళ్లను మేం అడిగేది పెద్ద కోరికేమీ కాదు. దూరదర్శన్‌లో 13 వారాల సీరియళ్లు చూసిన ప్రేక్షకులే ఇప్పటికీ ఉన్నారు. వంద ఎపిసోడ్లకు కథ కట్టి, ఆఖరి పది ఎపిసోడ్ల డైలాగులు షూటింగ్‌కు ముందే రాయించి, వాటిని మార్చబోమని నిర్మాతతో ఒప్పందం చేసుకోవాలి. ఇక అపశకునాల సంగతంటారా, మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు కేబుల్ టీవీ నిబంధనల్లోని 6వ నియమానికి విరుద్ధం. ప్రేక్షకుడు ఫిర్యాదు చేస్తే ఛానల్ 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. రాత్రి ఎనిమిది గంటల స్లాట్‌తో ప్రయోగాలకు భయమైతే, ప్రకటనల రేటు తక్కువుండే మధ్యాహ్నం స్లాట్‌తో మొదలుపెట్టవచ్చు.