సమానత్వానికి ముందు వరుస

సమానత్వం, స్వేచ్ఛల కోసం సాగుతున్న పోరాటం ఇతివృత్తంగా విశాఖ బీచ్ రోడ్డులో జరిగిన చిత్రకళా ప్రదర్శన అన్ని విధాలా విజయవంతమైందని చెప్పడానికి సంతోషిస్తున్నాను. గోడల మీది చిత్రాల సంగతి కాసేపు పక్కన పెడితే (ప్రారంభోత్సవానికి విచ్చేసిన పెద్దలూ పక్కనే పెట్టారు), ఆ పోరాటం ఇంకా ఎందుకు సాగుతోందో కళ్లకు కట్టిన ఘనత మాత్రం కుర్చీలదే.

మొదటి వరుసలో తెల్ల తువ్వాళ్లు పరిచిన సోఫాలు, వాటి ముందు టీపాయిల మీద జీడిపప్పు, నీళ్ల సీసాలు. ఆ వెనక గుడ్డ తొడిగిన కుర్చీలు. వాటికీ వెనక ప్లాస్టిక్ కుర్చీలు, అందులోనూ చిట్టచివరివి చిత్రాలు గీసినవారికి. చట్టం ముందు అందరూ సమానులేనని రాజ్యాంగం 14వ అధికరణంలో ఉంది గానీ వేదిక ముందు కూడా సమానులేనని ఎక్కడా లేదు కనుక, నిర్వాహకులను తప్పుపట్టడానికి వీల్లేదు.

స్వేచ్ఛను స్త్రీమూర్తిగా చేసి, చేతికి జెండా ఇచ్చి, 1830 నాటి పారిస్ తిరుగుబాటు మీద దెలాక్రా గీసిన చిత్రాన్ని ఫ్రెంచి ప్రభుత్వం కొనుక్కుని, అది జనాన్ని రెచ్చగొడుతుందేమోనన్న భయంతో కొన్నాళ్లకే కంటబడకుండా దాచేసింది. మనవాళ్లు అంత పిరికివాళ్లు కారు. దాని నకలును నడి హాల్లో వేలాడదీసి, దానికి వీపు చూపించి సెల్ఫీలు దిగారు.

ఆ నకలు పక్కన సెక్యూరిటీ గార్డు ఒకాయన పొద్దుటి నుంచీ ఒంటికాలి మీద నుంచి మరో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడే ఉన్నాడు. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. ఆ కబురు ఈ హాలు దాకా వచ్చినట్టు లేదు. వచ్చినా అది దుకాణం కాదు కదా, కళామందిరం.

నెత్తిన చేపల గంపతో ఉన్న జాలరి స్త్రీ తైలవర్ణ చిత్రం దగ్గర ముఖ్య అతిథి చాలాసేపు ఆగి, శ్రమలోని సౌందర్యం గురించి మాట్లాడారు. ఆయన కారు ఆగడం కోసం అంతకుముందే బయట మురీ మిక్చర్ బళ్లనూ, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆడవాళ్లనూ ఫుట్‌పాత్ మీంచి లేపేశారు. సర్వే పూర్తిచేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా వీధి వ్యాపారులను కదపరాదని 2014 నాటి చట్టం అంటుంది. అయితే వాళ్లను తీసేసింది అక్కడి నుంచే గానీ కళ నుంచి కాదు. లోపల గోడ మీద ఒకామె భద్రంగానే ఉంది, ధర చీటీతో సహా.

నిర్వాహకులకు ఒక మనవి. వచ్చే ఏడాది ఒక ప్లాస్టిక్ కుర్చీని అద్దాల పెట్టెలో పెట్టి, దాని కింద ‘సమానత్వం’ అని చీటీ అంటించి, కాపలాకు ఆ గార్డునే నిలబెట్టగలరు.