దొరబాబు కావలెను

నాటక సమాజాల వారికి సవినయంగా ఒక మనవి. హాస్యనాటకంలో మాటకారి దొరబాబు వేషానికి నటుణ్ని ఎంపిక చేసే పద్ధతిని తక్షణం సంస్కరించాలి. ఇప్పుడేం జరుగుతోంది? అభ్యర్థి వస్తాడు. ఎడమ కనుబొమ్మ పైకెత్తి, ముక్కుతో ఒక చమత్కారం పలికి, నవ్వుల కోసం ఆగుతాడు. దర్శకుడు మురిసిపోతాడు. వేషం ఖాయం, నాటకం గోవిందా.

ఆస్కార్ వైల్డ్ రాసిన ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’లో ఆల్జర్నన్‌నే తీసుకోండి. 1895 ఫిబ్రవరి 14న లండన్ సెయింట్ జేమ్స్ థియేటర్‌లో రంగమెక్కిన నాటి నుంచి ఈ కుర్రవాడిది ఒకటే ఘనకార్యం. తల్లి తోబుట్టువు లేడీ బ్రాక్‌నెల్ కోసం చేయించిన కీరదోస శాండ్‌విచ్‌లను, అవి ఆవిడవని స్నేహితుణ్ని ముట్టనివ్వకుండా, తానే తినేస్తాడు. (ఆవిడ పిన్నో పెద్దమ్మో నాటకంలో తేలదు. మన వరసలు పట్టి చూస్తే చివర కుదిరే పెళ్లిళ్లలో ఒకటి అన్నాచెల్లెళ్లది అవుతుంది కాబట్టి ఆ చర్చ వద్దు.) ఆవిడ వచ్చాక ఖాళీ పళ్లెం చూసి నిర్ఘాంతపోతాడు. నిజంగా నిర్ఘాంతపోవాలి! గొప్పింటి బిడ్డకు ఇంతకు మించిన విపత్తు ఏముంటుంది? తన మాట చమత్కారమని తెలిసినవాడు ఈ వేషానికి పనికిరాడు.

అందుచేత పరీక్షలో సంభాషణ చదివించడం మానేసి, పళ్లెం ముందు పెట్టండి. ఎదుటివాడు మాట్లాడుతుండగా కొరకాలి, తన వంతు వచ్చేలోగా మింగాలి. నోట్లో ముక్క ఉండగా నోరు తెరిచినవాణ్ని ఇంటికి పంపండి. కోటు సర్దుకుంటూ ఉండేవాణ్ని కూడా. పుట్టుకతో డబ్బున్నవాడికి తన కోటు కనిపించదు.

అప్పు కూడా కనిపించదు. మొదట నాలుగంకాలుగా రాసిన ప్రతిలో, సవాయ్ హోటల్ భోజనాల బాకీ 762 పౌండ్ల చిల్లర కోసం ఒక న్యాయవాది వచ్చి, ఎర్నెస్ట్‌గా చలామణీ అవుతున్న ఆల్జర్నన్‌ను హాలోవే జైలుకు తీసుకుపోతానంటాడు. నాటకాన్ని మూడంకాలకు కుదించమని నట నిర్వాహకుడు జార్జ్ అలెగ్జాండర్ పట్టుబట్టడంతో ఆ ఘట్టం ఎగిరిపోయింది. నాటకం రంగమెక్కిన ఏడాదే ఏప్రిల్‌లో వైల్డ్‌నే అరెస్టు చేసి అదే హాలోవేలో ఉంచారు.

లేడీ బ్రాక్‌నెల్ వేషం సంగతి చెప్పనక్కరలేదు. ఈ నాటకం ఆధారంగా తీసిన 1952 నాటి సినిమాలో, కూతుర్ని పెళ్లాడతానన్నవాడు పసివాడిగా ఒక హ్యాండ్‌బ్యాగ్‌లో దొరికాడని విని, నటి ఎడిత్ ఎవాన్స్ ‘హ్యాండ్‌బ్యాగ్’ అన్న మాటను సాగదీసిన తీరుకు, ఆ తర్వాత ఆ వేషం కట్టినవారందరికీ ఆ ఒక్క మాట దగ్గరే గుండె దడ.

ఇంత చెప్పడానికి నీకేం అర్హత ఉందంటారేమో. ఒకప్పుడు నేనూ ఆల్జర్నన్ వేషానికి వెళ్లాను. కనుబొమ్మ ఎత్తాను, ఎంపికయ్యాను. ప్రదర్శన నాడు ఖాళీ పళ్లెం చూసి ప్రేక్షకులకు కన్ను కొట్టాను. హాలు నిశ్శబ్దం. అప్పుడు సేవకుడు లేన్ వేషం వేసిన కుర్రవాడు, ముఖంలో ఒక్క గీతైనా కదలకుండా, బజారులో కీరదోసకాయలు దొరకలేదని విన్నవించాడు. ఆ నవ్వులు ఆగేదాకా నేను పళ్లెం పట్టుకుని నిలబడ్డాను.