దుప్పుల లెక్కేదీ?

నాలుగేళ్లకోసారి ఢిల్లీ నుంచి పులుల లెక్క వస్తుంది. అంకె పెరిగితే పండగ, తగ్గితే రగడ. 2022 లెక్క ప్రకారం దేశంలో సగటున 3,682 పులులున్నాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 ఉన్నవి 63 అయ్యాయి. వాటిలో 58 నాగార్జునసాగర్‌-శ్రీశైలం టైగర్‌ రిజర్వులోవే. మంచి కబురే, కాదనం. అయితే ఆ పులులు ఏం తిని బతుకుతున్నాయి, వాటి పిల్లలకు రేపు నల్లమలలో సరిపడా తిండి ఉంటుందా అని అడిగిన నాయకుడు గానీ, తనంతట తాను చెప్పిన అధికారి గానీ మాకు కనిపించలేదు.

ఆ ప్రశ్నకు జవాబు ఎలా వెతకాలో చూపించిన శాస్త్రవేత్త పక్క రాష్ట్రం వారే. కర్ణాటకకు చెందిన ఉల్లాస్‌ కారంత్‌ చదివింది ఇంజినీరింగ్‌. కొన్నాళ్లు వ్యవసాయం చేశారు. ధ్యాసంతా అడవి మీదే ఉండటంతో అటే మళ్లి, నాగరహొళె అడవుల్లో దశాబ్దాల పాటు పులులనూ వాటికి ఆహారమయ్యే జంతువులనూ అధ్యయనం చేశారు. 2012లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు చెప్పగానే జంతువుల మెడకు కట్టే రేడియో కాలర్లు, దారిన పోయే జంతువును వాటంతట అవే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు గుర్తొస్తాయి. వాటితో పాటు ఎవరూ ఫొటో తీయని పని ఇంకొకటి ఆయన చేశారు. పులి మలాన్ని పరీక్షించడం.

వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ అందులో చాలా సంగతి ఉంది. అడవి దారుల్లో దొరికిన మలాన్ని ఏరుకొచ్చి, కడిగి, జల్లెడ పడతారు. మాంసం అరిగిపోతుంది, వెంట్రుక అరగదు. ఆ వెంట్రుకను మైక్రోస్కోప్‌ కింద పెడితే అది చుక్కల దుప్పిదా, కణితిదా, అడవిపందిదా అన్నది తెలిసిపోతుంది. ఇలాంటి ఆధారాలతో కారంత్‌, అమెరికా శాస్త్రవేత్త మెల్‌ సన్‌క్విస్ట్‌ కలిసి 1995లో ఒక పరిశోధన ప్రచురించారు. పులి, చిరుత, రేచుకుక్క మూడూ ఒకే అడవిలో ఎలా సర్దుకుపోతున్నాయో అందులో చూపించారు. అక్కడ పులి వేటాడిన జంతువుల సగటు బరువు 90 కిలోల పైమాటే. చిరుతకు, రేచుకుక్కలకు అది 40 కిలోలకు అటూ ఇటూ. అడవిదున్నలు, కణితులు పుష్కలంగా ఉన్నచోట పులి చూపు వాటి మీదే ఉంటుంది, చిన్న జంతువులు మిగతా రెండింటికీ మిగులుతాయి. పెద్దవి తరిగిపోతే పులి చిన్నవాటి మీద పడుతుంది. అవీ చాలకపోతే ఊరి పశువులు ఉండనే ఉన్నాయి. చిరుతకైతే ఊరి కుక్కా మేకా చాలు.

2004లో కారంత్‌ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. దేశంలో 11 చోట్ల పులులను, గిట్టల జంతువులను విడివిడిగా లెక్కగట్టింది. పులుల కోసం దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు పెట్టాలి. ఎందుకంటే ఏది ఏ పులో గుర్తుపట్టేది చారలతోనే, ఏ పులికైనా కుడి పక్క చారలు ఎడమ పక్క చారల్లా ఉండవు. జంతువుల కోసమైతే కాలినడకే గతి. తెల్లవారగానే అడవిలో ముందే గుర్తుపెట్టుకున్న తిన్నని బాటన చప్పుడు చేయకుండా నడుస్తారు. దుప్పుల మంద కనిపిస్తే అవి బెదిరి పారిపోయేలోపే ఎన్ని ఉన్నాయో, ఎంత దూరంలో, ఏ దిక్కున ఉన్నాయో రాసుకోవాలి. దూరం పెరిగేకొద్దీ కంటికి ఆనకుండా పోయినవి ఎన్ని ఉంటాయో ఆ దూరాలను బట్టి గణితంతో తేలుస్తారు.

రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే జంతువులు దండిగా ఉన్నచోటే పులులూ దండిగా ఉన్నాయని తేలింది. ఒక పులి ఏడాదికి సుమారు 50 జంతువులను చంపుతుంది. పులులు తమ చుట్టూ ఉన్న జంతువుల్లో ఏటా పదో వంతును తింటాయి. అంటే ఒక్క పులి నిలబడాలంటే దాని వెనుక 500 జంతువులు ఉండాలి. అసలు ముట్టకుండా వడ్డీతో కాపురం నడిపే లెక్క ఇది.

దీన్ని నల్లమలకు అన్వయించి చూడండి. 58 పులులకు తక్కువలో తక్కువ 29,000 దుప్పులు, కణితులు, మనుబోతులు, అడవిపందులు కావాలి. అవి ఉన్నాయా? రాష్ట్ర విభజన తర్వాత మన వాటాకు వచ్చిన రిజర్వు 3,000 చదరపు కిలోమీటర్ల పైమాట, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. అయినా వంద చదరపు కిలోమీటర్లకు రెండు పులులు కూడా పడటం లేదు. కారంత్‌ చూసిన 11 చోట్ల అది 3.2 నుంచి 16.8 దాకా ఉంది. నల్లమల రాతినేల, ఎండు అడవి. దాన్ని నాగరహొళెతో పోటీ పెట్టడం న్యాయం కాదు. కానీ ఇంత తేడాకు రాళ్లూ ఎండలూ మాత్రమే కారణమంటే నమ్మడం కష్టం.

పులి చస్తే దర్యాప్తు, పోస్టుమార్టం, పేపర్లో ఫొటో. దుప్పి చస్తే అడిగే నాథుడు లేడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అదీ నేరమే. ఉచ్చులు, నాటు బాంబులు, కరెంటు తీగలు పులి కోసం పెట్టేవి కావు, పులి కూడు కోసం పెట్టేవి. ఒక్కోసారి పులి కూడా వాటిలో పడుతుంది, అది వేరే విషాదం. అడవి అంచున రైతును తిట్టి లాభం లేదు. ఏడాది కష్టాన్ని పందుల గుంపు ఒక్క రాత్రిలో తొక్కేస్తే, పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరగలేక తీగ లాగుతాడు. తప్పే, కానీ ఆ తప్పుకు అతణ్ని నెట్టింది ఎవరు? మాకు కోపం వచ్చేది ఇంకొకరి మీద. ‘అడవి మాంసం దొరికింది’ అని విజయవాడ, గుంటూరుల్లో నలుగురి మధ్య గొప్పగా చెప్పుకునే వాళ్ల మీద. వీళ్లకు ఆకలీ లేదు, పంట నష్టమూ లేదు, ఉన్నదల్లా జిహ్వ చాపల్యం. రాత్రి 9 దాటితే దోర్నాల గేటు మూసేస్తున్నారని, శ్రీశైలం ప్రయాణం పాడైందని విసుక్కునే వాళ్లకూ ఒక మాట. ఆ గేటు మూసేది రోడ్డు దాటే కణితి మన కారు కింద పడకూడదనే.

పులి అడుగు మీద గాజు పలక పెట్టి, గుర్తు గీసుకుని తలలు లెక్కపెట్టే పాత పద్ధతి ఏం చేసిందో దేశం చూసింది. కాగితాల మీద పులులున్న సరిస్కాలో ఒక్కటీ మిగల్లేదని 2005 నాటికి బయటపడింది. తర్వాత పన్నాలోనూ అదే జరిగింది. ఆ పద్ధతి పనికిరాదని కారంత్‌ అంతకు ముందు నుంచే మొత్తుకుంటున్నారు. ఇప్పుడు కెమెరాలు వచ్చాయి, పద్ధతి మారింది. పులుల విషయంలో నేర్చుకున్న ఆ పాఠాన్ని దుప్పులకూ వర్తింపజేయాలి.

2026 లెక్కలు ప్రకటించేటప్పుడు పులుల అంకె పక్కనే జంతువుల సాంద్రతనూ రేంజి వారీగా, ఆత్మకూరు, మార్కాపురం, గిద్దలూరు, విజయపురి సౌత్‌ అన్నీ విడివిడిగా చెప్పాలని రాష్ట్ర అటవీ శాఖను కోరుతున్నాం. మొత్తం కలిపి ఒక్క అంకె చెబితే ఎక్కడ తరిగిందో ఎవరికీ తెలియదు. ఆ వివరాలు బయటి శాస్త్రవేత్తలు పరిశీలించేలా అందుబాటులో ఉంచాలి. నల్లమల అంచు జిల్లాల్లో పంట నష్టానికీ పశువుల నష్టానికీ పరిహారం ఆ సీజన్లోనే రైతు ఖాతాలో పడాలి. ఇక బేస్‌ క్యాంపుల్లో కాపలా కాసే చెంచు వాచర్లకు అడవిలో ఏ వాగు దగ్గర దుప్పులు తగ్గాయో మనందరి కంటే ముందే తెలుస్తుంది. నడక సర్వేల్లో వాళ్లు దారి చూపే మనుషులుగానే మిగిలిపోకూడదు. శిక్షణ ఇచ్చి లెక్క రాసే బాధ్యత అప్పగించాలి, జీతం నెల నెలా అందేలా చూడాలి.