అయిదో నంబరు దారంగారికి బహిరంగ లేఖ

శ్రీయుత పాలియెస్టర్ దారంగారి దివ్యసముఖానికి,
కుడి మడమ వెనక, ఎముకకు నాలుగు వేళ్ళ పైన, చర్మం కింద.

అయ్యా,

నిన్న మధ్యాహ్నమంతా చెప్పుల దుకాణంలో గడిచింది. తోలు బూట్లు, గుడ్డ బూట్లు, వెనక పట్టీ ఉన్న శాండిల్స్, ఏది తొడిగినా అంచు వచ్చి సరిగ్గా తమరి ముడి మీదే కూర్చుంది. "రెండు రోజులు వాడితే వదులవుతుంది సార్" అన్నాడు దుకాణం కుర్రవాడు. వదలాల్సింది బూటు కాదని అతనికి ఎలా చెప్పను? ఈ ఉదయం ఆఫీసు వార్షిక సమావేశానికి హవాయి చెప్పులతో హాజరయ్యాను. మేనేజరుగారు నా ముఖం కన్నా నా పాదాలనే ఎక్కువసేపు చూశారు.

ఆపరేషన్‌కు ముందు నాకిచ్చిన మాట ఏమిటి? "లోపల దారం ఉన్నట్టే మీకు తెలియదు." తెలుస్తూనే ఉంది. మేజోడు లాగేటప్పుడు తెలుస్తుంది, కాలు మీద కాలు వేసుకుని పడుకుంటే తెలుస్తుంది. వేలితో నొక్కితే చర్మం కింద గట్టిగా తగిలి, కాస్త పక్కకు జరిగి, వేలు తీయగానే మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడుతుంది.

తమరినే ఎందుకు ఎంచుకున్నారో డాక్టరుగారు ఓపికగానే చెప్పారు. పిక్క కండను మడమ ఎముకకు కలిపే తాడును అకిలిస్ టెండన్ అంటారు. అది తెగితే కొసలు పీచుపీచుగా విడిపోయి ఉంటాయి. క్రాకో అనే వైద్యుడు 1986లో ప్రకటించిన పద్ధతిలో, రెండు అంచుల వెంటా మెలిక కుట్లు వేసి, కొసలను దగ్గరికి లాగి కట్టాలి. ఒంట్లో కరిగిపోయే పాలిగ్లాక్టిన్ దారం మూడు వారాలకే సగం బలం పోగొట్టుకుంటుంది, టెండన్ గట్టిపడడానికేమో నెలలు కావాలి. ఈలోగా కుట్టు సాగితే టెండన్ పొడుగైపోయి, పిక్కకు పట్టు తప్పి, మునివేళ్ళ మీద లేవలేం. ఒప్పుకున్నాను. మరి కరిగే దారాల్లోనే పాలిడయాక్సనోన్ అని ఇంకొకటి ఉంది, దాని సంగతి? ఆరు వారాల దాకా సగానికి పైగా బలం నిలుపుకుంటుంది, పని అయ్యాక ఆరేడు నెలల్లో మర్యాదగా కరిగిపోతుంది. మర్యాద అన్న మాట తమరు ప్రత్యేకంగా గమనించగలరు. "అది ఒంటిపోగు, నున్నగా ఉండి ముడి జారుతుంది. అల్లిన దారమైతే ముడి గట్టిగా పడుతుంది" అన్నారు.

పడింది. అక్కడే ఉంది.

పెళ్ళికి మూడు ముళ్ళు చాలు, ఏడేడు జన్మలకు సరిపోతాయని లోకం నమ్మకం. తమరికి మాత్రం అయిదారు కావాలి, అవీ ఒకదాని మీద ఒకటి. తమరి మందం చూస్తే ముప్పావు మిల్లీమీటరు. మడమ వెనక కొవ్వు లేదు, కండ లేదు, పల్చటి చర్మం తప్ప దాచడానికి ఏమీ లేదు. అందుకే ముళ్ళను తెగిన కొసల మధ్యకు తోసి పూడ్చిపెడతారట. మిగిలినవి బుద్ధిగా పూడాయి. నువ్వొక్కదానివే పైకి తేలావు. టెండన్ ఎప్పుడో అతికింది, ఫిజియోథెరపీ ముగిసింది, సెలవులు కూడా అయిపోయాయి. ఇంకా దేన్ని పట్టుకుని వేలాడుతున్నావు? కరగవు, వంగవు, కదలవు. సిగ్గయినా లేదు!

ఇక మీ వంశంలో నంబర్ల లెక్క. ఉత్త అయిదు అంటే ఇంత లావు. అదే అయిదు పక్కన గీత గీసి సున్నా చేరిస్తే మిల్లీమీటరులో పదో వంతు. చీటీ పట్టుకుని మందుల దుకాణానికి పరిగెత్తిన మా బావగారు మొదట ముఖానికి కుట్లు వేసే దారం తెచ్చారు. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడు చెప్పిన కుట్టు దారాల జాబితాలో జనపనార, వెంట్రుక, తిప్పతీగ కూడా ఉన్నాయి. తిప్పతీగైతే మిగిలిన ముక్క కషాయానికైనా పనికొచ్చేది.

అల్లిక సందుల్లో సూక్ష్మజీవులకు చోటివ్వడం మీ జాతి అలవాటట. ఆ సరదా మాత్రం తీర్చుకోలేదు, సంతోషం.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పడం ఇష్టం లేకపోయినా. మొన్న వానలో, ఆ హవాయి చెప్పులతోనే, కదిలిన బస్సు వెంట పరిగెత్తాను. పరుగులో ఆ టెండన్ మీద ఒంటి బరువుకు ఆరు నుంచి ఎనిమిది రెట్లు పడుతుందంటారు. బస్సు అందింది, కాలు నిలిచింది. అది అతికిన టెండన్ గొప్పే, నీది కాదు. కానీ అది అతికేదాకా వదలకుండా పట్టుకుని ఉన్నది నువ్వే. కాదనను.

చిన్న కోతతో తీసేయవచ్చునట. పక్కనే నరం ఉంది కాబట్టి జాగ్రత్తగా చూసి తీస్తారట. అప్పటిదాకా పాత బూటుతోనైనా నెట్టుకొద్దామని, అంచుకు మెత్త వేయించడానికి ఈ సాయంత్రం వీధి చివర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. మైనం పట్టించిన దారంతో కుట్టి, ముడి వేసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి అణిచాడు. బూటులో వేళ్ళు పెట్టి చుట్టూ తడిమి, ఒకచోట మళ్ళీ రెండు దెబ్బలు వేశాడు. ముడి గుచ్చుకోదు కదా అని అడిగాను.

"కాలికి తగిలేచోట ముడి ఎవరైనా ఉంచుతారా బాబూ!" అన్నాడు.

తమరి తొలగింపుకు తేదీ అడిగి ఉన్నాను.

ఇట్లు,
కుడి కాలి హక్కుదారు