డబ్బు పాఠం ఏ వారంలో చెప్పాలి?

కాలేజీ విద్యార్థులకు డబ్బు సంగతులు నేర్పాలంటే అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. ఏం నేర్పాలి, ఎన్ని గంటలు నేర్పాలి అని సిలబస్ కమిటీలు గంటల తరబడి చర్చిస్తాయి. ఎప్పుడు నేర్పాలి అని మాత్రం దాదాపు ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో పాఠం నిలుస్తుందా, గాలికి పోతుందా అన్నది ఎక్కువగా తేలేది అక్కడే.

ముందు ఒక క్రెడిట్ కార్డు బిల్లును దగ్గరగా చూద్దాం. అందులో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది మినిమమ్ డ్యూ. మొదటిసారి కార్డు వాడినవాళ్ల కన్ను రెండో అంకె మీదే ఆగుతుంది. అది కడితే లేట్ ఫీజు పడదు, ఫోన్లు రావు, ఈ నెల గడిచిపోతుంది. ఇప్పుడు లెక్క వేయండి. బాకీ 100 అనుకుందాం. నెలకు వడ్డీ 3 శాతం, మినిమమ్ డ్యూ బాకీలో 5 శాతం. కొత్తగా ఏమీ కొనకుండా, ఒక్క నెల కూడా తప్పకుండా ఏడాది పాటు మినిమమ్ కట్టుకుంటూ పోతే జేబులోంచి దాదాపు 55 పోతుంది. బాకీ మాత్రం ఇంకా 77 ఉంటుంది. కట్టిన 55లో 32 వడ్డీకే సరిపోయింది.

ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపిస్తే విద్యార్థులు తలూపుతారు, అంతే. అదే వాళ్ల చేత నెలకో వరుస చొప్పున వేయించండి. ఏడో వరుసకో ఎనిమిదో వరుసకో పెన్ను ఆగుతుంది. ఎక్కడో పొరపాటు చేశామనుకుని మళ్లీ మొదటి నుంచి వేస్తారు. రెండోసారీ అదే జవాబు వచ్చాక మినిమమ్ డ్యూ గురించి వాళ్లకు ఇంకెవరూ హెచ్చరించనక్కర్లేదు. నెలకు 3 శాతమంటే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుందని కూడా అప్పుడే బుర్రకెక్కుతుంది.

వాయిదాల అప్పుల్లో 'ఫ్లాట్ 10 శాతం' అనే మాట కూడా ఇలాంటిదే. మొదటి రోజు తీసుకున్న అసలు మీదే చివరి నెల దాకా వడ్డీ లెక్కగడతారు. నెలనెలా అసలు తీరుతూనే ఉంటుంది కాబట్టి, ఏడాదిలో సగటున మన చేతిలో ఉండేది సగం కంటే కాస్త ఎక్కువ మాత్రమే. తగ్గుతున్న బాకీ మీద చూస్తే నిజమైన రేటు 18 శాతం దగ్గర తేలుతుంది. ఈ తేడా పట్టుకోవడానికి కామర్స్ డిగ్రీ అవసరం లేదు. కాగితం ముందు పెట్టుకుని, ఎవరి తొందరా లేకుండా ఒక గంట కూర్చుంటే చాలు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో కూడా చూడాలి. 2014లో ఫెర్నాండెస్, లించ్, నెటెమేయర్ అనే ముగ్గురు పరిశోధకులు అంతకుముందు జరిగిన 201 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. మనుషులు డబ్బు విషయంలో నడుచుకునే తీరులో ఉన్న తేడాల్లో ఆర్థిక పాఠాల వల్ల వచ్చిన భాగం 0.1 శాతమేనని తేల్చారు. ఎక్కువ గంటలు బోధించినా 20 నెలలు గడిచేసరికి ప్రభావం దాదాపు మిగలడం లేదన్నారు. ఇది చదివి చాలామంది ఈ చదువే దండగ అనేశారు. అది తొందరపాటు. 2022లో కైజర్, లుసార్డి, మరో ఇద్దరు కలిసి 76 ప్రయోగాలను, లక్షా 60 వేల మందికి పైగా వ్యక్తుల సమాచారాన్ని విశ్లేషించారు. ఈ పాఠాల వల్ల జ్ఞానం పెరుగుతోందని, నడతలోనూ మార్పు వస్తోందని చూపించారు.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే అనిపిస్తుంది. మొదటి సంవత్సరంలో పెన్షన్ ఫండ్ గురించి చెప్పిన పాఠం నాలుగో సంవత్సరానికి గుర్తుండదు. ఎందుకుంటుంది? ఆ రోజు దానితో పనేమీ లేదు కదా. పని పడిన రోజున పాఠం చెప్పేవాళ్లు ఉండరు. చివరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అవుతుంది. 2014 నాటి పరిశోధకులు కూడా అవసరం పడిన సమయానికి అందించే బోధన వైపే మొగ్గు చూపారు.

అందుకే ఈ కోర్సును సెమిస్టర్ అంతా వారానికో గంట చొప్పున పరచడం నాకు నచ్చదు. చదువు కోసం అప్పు తీసుకునే విద్యార్థికి సంతకం పెట్టే ముందు వారంలో ఆ ఒప్పందాన్నే పాఠ్యపుస్తకం చేయాలి. వడ్డీ ఏ రోజు నుంచి మొదలవుతుంది, చదువుతున్నంత కాలం అది అసలులో కలుస్తుందా, వాయిదా తప్పితే ఏమవుతుంది అన్నవి వాళ్ల చేతే ఆ కాగితంలో వెతికించాలి. ఇల్లు వదిలి గదిలోకి మారే వారంలో నెల ఖర్చుల లెక్క నేర్పాలి. ఉద్యోగం ఆఫర్ లెటర్ చేతికొచ్చిన వారంలో పే స్లిప్, పన్ను, బీమా, పొదుపు గురించి చెప్పాలి. జీతం పడగానే కొంత భాగం దానంతటదే పక్కకు వెళ్లే ఏర్పాటు ఆ వారంలోనే చేయించాలి. మొదటి జీతానికి అలవాటు పడ్డాక అందులోంచి తీసి పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే.

ఒక విషయంలో మాత్రం నాకు నిజంగా బాధగా ఉంటుంది. పొదుపు పాఠం నడుస్తుంటే వెనక బెంచీలో ఒక అమ్మాయి ఏమీ రాసుకోకుండా కూర్చుంటుంది. సాయంత్రం పార్ట్‌టైమ్ పనికి వెళ్లి, వచ్చిందంతా ఇంటికి పంపే అమ్మాయి. ఆదాయంలో ఇంత శాతం దాచాలనే సూత్రం ఆమె చెవికి నిందలా వినిపిస్తుంది. ఆమెకు కావాల్సిన పాఠం వేరు. ఏ స్కాలర్‌షిప్‌కు ఎలా దరఖాస్తు చేయాలి, ఏ ఫీజుకు మినహాయింపు అడగవచ్చు, రెండు బాకీలుంటే ఏది ముందు తీర్చాలి అన్నవి చెప్పాలి. వడ్డీ ఎక్కువున్నదే ముందు అని ఒక్క ముక్క చెప్పినా ఆమెకు ఎంతో కొంత మిగులుతుంది.

అలాగని భారమంతా విద్యార్థి తెలివితేటల మీద వేయడం కూడా అన్యాయం. అమెరికాలో 2009లో తెచ్చిన క్రెడిట్ కార్డు చట్టం, మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి ఎంత కాలం పడుతుందో బిల్లు మీదే ముద్రించాలని ఆదేశించింది. 21 ఏళ్లు నిండనివారికి సొంత ఆదాయం గానీ హామీదారు గానీ లేకుండా కార్డు ఇవ్వకూడదంది. క్యాంపస్‌లలో కానుకలు ఎరచూపి కార్డులు అంటగట్టడాన్నీ ఆపింది. తరగతిలో పెన్ను ఆగేలా చేసిన లెక్కనే ఆ చట్టం బిల్లు మీదకు తెచ్చింది, బాకీ కట్టడానికి కూర్చున్న సమయానికే కళ్ల ముందు ఉండేలా.